బీపీటీ మొదటి ఏడు: అనాటమీ రాత్రి చదివితే పొద్దుటికి ఆవిరి. మీరంతా ఎట్టా చదివారు?

పల్నాడు_పిల్ల | రాత్రి 11:48

అందరికీ నమస్తే. ఫిజియోథెరపీలో చేరి నాలుగు నెలలైంది. పది దాకా తెలుగు మీడియం. ఇంటర్ బైపీసీ ఇంగ్లీషులో ఎట్టాగో గట్టెక్కా. ఇప్పుడు అనాటమీ దగ్గర బండి ఆగిపోయింది. ఒక్కో కండరం ఎక్కడ మొదలైంది, ఎక్కడ అతుక్కుంది, ఏ నరం, ఏం పని అని నాలుగు గళ్ల పట్టిక గీసుకుని బట్టీ కొడుతున్నా. పొద్దున లేచేసరికి భుజం కండరాలు సుప్రాస్పైనేటస్, ఇన్‌ఫ్రాస్పైనేటస్ కలిసిపోయి ఒకటే కండరమై కూర్చుంటున్నాయి.

మొన్న ఇంటర్నల్ వైవాలో (నోటి పరీక్ష) మేడం హ్యూమరస్, అదే పై చేతి ఎముక, చేతికిచ్చి "ఇది కుడిదా, ఎడమదా?" అన్నారు. తిప్పి తిప్పి చూసి కుడి అన్నా. ఎడమది. పక్కన నిలబడ్డ ముగ్గురూ నవ్వలేదు. వాళ్లకీ తెలీదు మరి.

సీనియర్లేమో బట్టీ తప్ప దారి లేదు, వచ్చే ఏడు బయోమెకానిక్స్ (ఒంటి కదలికల ఫిజిక్స్) వస్తే ఇంకా ఏడుస్తావు అంటున్నారు. ఇంటర్లో ఫిజిక్స్ పాసవడానికి చదివినదాన్ని. నిజంగా అంత కష్టమా?

ఫిజియోఅక్క_ఓరుగల్లు | రాత్రి 12:20

చెల్లె, ముందుగాల ఆ పట్టిక మూసెయ్. పన్నెండేండ్ల సంది ప్రాక్టీసుల ఉన్న. ఇయ్యాల్టి దాకా ఆ నాలుగు గడులు నన్ను ఏ పేషెంటూ అడగలే. వచ్చి కూసొని "జడ ఏసుకునుడు అయితలేదు మేడం" అంటది, గంతే. అక్కడి నుంచి ఎనకకు పోవాలె మనం.

కండరం ఏం పని చేస్తదో బట్టీ కొట్టకు. అది ఏ కీలును దాటుతున్నది, ఏ దిక్కు నుంచి దాటుతున్నది, గది చూడు. తలుపుకు తాడు ఏ దిక్కున కట్టి గుంజితే తలుపు ఆ దిక్కుకే వస్తది కదా. మోచేతిని ముందల నుంచి దాటేది మడుస్తది, ఎనక నుంచి దాటేది చాపుతది. మోకాలు కాడ ఉల్టా, ఎందుకంటే అది ఎనకకు మడిచే కీలు.

ఇగ నీ భుజం సంగతి. సుప్రాస్పైనేటస్ కీలు పైనుంచి దాటుతది, చెయ్యి పక్కకు లేపుతది. ఇన్‌ఫ్రాస్పైనేటస్, టీరిస్ మైనర్ ఎనక నుంచి దాటుతయి, చెయ్యిని బయటికి తిప్పుతయి. సబ్‌స్కాపులారిస్ ముందల నుంచి, లోపలికి తిప్పుతది. నాలుగూ అయిపోయినయి. నమ్మకం కుదరకపోతే ఇప్పుడే లేచి మోచేతిని పక్కటెముకలకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పు. రెండో చెయ్యితోని రెక్క ఎముక ఎనక పట్టుకో. గట్టిపడ్డదా? గదే ఇన్‌ఫ్రాస్పైనేటస్. ఇంకోసారి దాని పేరు మర్చిపోవు.

జడ ఏసుకునేటప్పుడు చెయ్యి పైకి లేస్తది, బయటికి తిరుగుతది. ఎనక హుక్కు పెట్టుకునేటప్పుడు లోపలికి తిరుగుతది. భుజం బిగుసుకపోయినోళ్లకు సాధారణంగా మొదలు పోయేది ఆ బయటికి తిరుగుడే. అందుకే నా కాడికొచ్చే ఆడోళ్ల మొదటి మాట జడ.

హ్యూమరస్ కుడి ఎడమలు: గుండ్రటి తల పైకి, లోపలికి, కొంచెం ఎనకకు చూస్తది. కింది కొసకు పెద్ద గుంత ఎనక దిక్కు ఉంటది. గుంతను ఎనకకు పెట్టి తల ఎటు చూస్తే అటు మొండెం ఉన్నదనుకో. నీ ఒంటికి ఆనించి చూసుకుంటే పది సెకన్ల పని.

ఏలూరు_ఇంటర్నీ | రాత్రి 12:41

అక్క చెప్పింది వంద శాతం. నాది ఇంకో సలహా, వంటింట్లోకి వెళ్లండి.

మొదటి ఏడు నేనూ మీలాగే తేలిపోయాను. ఓ ఆదివారం అమ్మ సూపుకని కోడి కాళ్లు తెప్పించింది. పసుపు రాసి కడుగుతుంటే కోసిన చోట తెల్లగా దారాల్లాంటివి కనిపించాయి. కనుబొమల పట్టకారు తెచ్చి ఒకటి పట్టుకు లాగాను. వేళ్లు ముడుచుకున్నాయండి! చచ్చిన కోడి పాదం నా చెయ్యి పట్టుకున్నట్టు. ముందు వైపు దారం లాగితే విచ్చుకున్నాయి. అమ్మ "ఛీ, ఆడుకోకు తిండితో" అని కసిరింది గానీ తనూ వచ్చి రెండుసార్లు లాగింది.

టెండన్ అంటే ఏంటో ఆ రోజు తెలిసింది. కండ ఎక్కడో పైన ఉంటుంది, పని వేలి కొసన జరుగుతుంది. మన చెయ్యీ అంతే. వేళ్లలో కండరాలే లేవు, వాటిని ఆడించేవి ముంజేతిలోనూ అరచేతిలోనూ ఉన్నాయి. పిడికిలి గట్టిగా బిగించి మణికట్టు లోపలి వైపు చూడండి, తాళ్లు లేస్తాయి.

ఇంకోటి. కోడి రొమ్ము తెల్లగా, తొడ ఎర్రగా ఎందుకుంటుంది? రోజంతా నిలబడి తిరిగే కాలికి ఆక్సిజన్‌తో నింపాదిగా పనిచేసే కండ కావాలి. అందులో మయోగ్లోబిన్ (ఆక్సిజన్‌ని పట్టి ఉంచే ప్రోటీన్) ఎక్కువ, రంగు దానిదే. రెక్క కొట్టడం ఎప్పుడో ఓసారి, గోడ ఎక్కడానికి. దానికి చటుక్కున పేలి చటుక్కున అలిసిపోయే తెల్ల కండ సరిపోతుంది. మరి పావురం రొమ్ము ముదురు ఎరుపు ఎందుకో మీరే చెప్పండి. ఫిజియాలజీలో మజిల్ ఫైబర్ రకాల మీద పది మార్కుల ప్రశ్న ఇదేనండి బాబూ.

పల్నాడు_పిల్ల | పొద్దున 6:05

పావురం గంటల కొద్దీ ఎగురుద్ది కాబట్టి!! లేవగానే ఇదే చదివా. అక్కా, ఇన్‌ఫ్రాస్పైనేటస్ గట్టిపడింది, నిజంగానే.

ఇంకో గోల ఉంది నాకు. మా ఊళ్లో ప్రతిదీ నరమే. మెడ పట్టేస్తే నరం పట్టేసింది, కాలు మడత పడితే నరం బెణికింది, చేతి మీద రక్తనాళం కనపడితే నరాలు తేలాయి. క్లాసులో నరం అంటే నెర్వ్ ఒక్కటే. మా నాన్నకి చెప్పబోతే "ఇన్నేళ్లు మాకు తెలీదా" అన్నాడు.

ఫిజియోఅక్క_ఓరుగల్లు | పొద్దున 7:30

గది నాకూ రోజూ ఉండేదే. పేషెంటు "నరం" అంటే నేను నోటితోని ఏం దిద్ద. "ఏలు పెట్టి చూపియ్యి" అంట. ఒక్క ఏలుతోని ఒక్క చోటు చూపిస్తే కండనో, టెండనో, కీలో అయ్యుంటది. అరచెయ్యితోని తొడ ఎనక నుంచి పిక్క దాకా రాసి చూపిస్తే అప్పుడు నిజం నరం మీద అనుమానం. భాష తప్పైనా చెయ్యి తప్పు చెప్పదు. పుస్తకాలల్ల కూడా లిగమెంటుకు, టెండనుకు రెంటికీ స్నాయువు అనే రాసినోళ్లున్నరు, ఇగ ఊరోళ్లను ఏమంటం. ఎముకకూ ఎముకకూ నడుమ ఉంటే లిగమెంటు, కండకూ ఎముకకూ నడుమ ఉంటే టెండను. గింత యాదుంచుకో.

లివర్_గాడు | పొద్దున 9:12

నేను మీ లైను కాదు, మెకానికల్ ఇంజినీరుని, క్రేన్ల కంపెనీ. క్రికెట్ ఆడి నడుం పట్టేసి ఈ గుంపులో చేరా. కానీ బయోమెకానిక్స్‌కి భయపడుతున్న పిల్లని చూసి ఊరుకోలేకపోతున్నా. అమ్మాయ్, నీకు కావలసిన ఫిజిక్స్ అంతా పిల్లలు ఆడే ఊగుడు బల్లలో ఉంది. బరువు ఇంటూ దూరం, అటూ ఇటూ సమానం. దాని మీద రెండు కూడికలు.

చేతిలో 10 కిలోల బియ్యం సంచి, మోచేయి లంబకోణంలో మడిచి పట్టుకున్నావనుకో. సంచి మోచేతి నుంచి 35 సెంటీమీటర్ల దూరం. బైసెప్స్ అతుక్కున్నది 5 సెంటీమీటర్ల దూరంలో. 10 ఇంటూ 35 అంటే 350. దాన్ని 5తో భాగిస్తే 70. పది కిలోల సంచికి కండ 70 కిలోలు లాగుతోంది, ముంజేతి సొంత బరువు వదిలేస్తేనే. నేను ఇలాంటి క్రేను గీస్తే మా బాసు ఉద్యోగం ఊడగొడతాడు. కానీ ఇందులో లాభం వేరే ఉంది. కండ ఒక్క సెంటీమీటరు ముడుచుకుంటే చెయ్యి ఏడు సెంటీమీటర్లు కదులుతుంది. ఒళ్లు బలాన్ని అమ్మి వేగాన్ని కొనుక్కుంది. బంతి విసరడం, చెంప పగలగొట్టడం అన్నీ ఆ బేరం మీదే. కండలు మోసే బరువు కంటే ఎన్నో రెట్లు లాగుతాయని బొరెల్లీ అనే ఇటలీ ఆయన 17వ శతాబ్దంలోనే లెక్క కట్టాడు.

మన శ్రీకాకుళం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 110, 130 ఎత్తి మొత్తం 240తో కంచు తెచ్చింది కదా. ఆ 130 కిలోల రాడ్డు ఒంటికి పది సెంటీమీటర్లు ఎడంగా జరిగిందనుకో, 130 ఇంటూ 10 అంటే 1300. నడుం కండల లివర్, అంటే వెన్ను కీలు నుంచి వాటి దూరం, సుమారు 5 సెంటీమీటర్లు. అంటే అదనంగా 260 కిలోల లాగుడు. కోచులు "రాడ్డు ఒంటికి రాసుకుంటూ లేవాలి" అని అరిచేది అందుకే. నా నడుం కూడా ఇట్లాగే పోయింది, రాడ్డుతో కాదు, నీళ్ల టిన్నుతో.

గోదారి_పీఈటీ | మధ్యాహ్నం 1:15

అందరికీ నమస్కారమండి. జిల్లా పరిషత్ హైస్కూల్లో 28 ఏళ్లుగా పీఈటీని. ఈ పాప పుణ్యమా అని బీపీఈడీలో చదివింది మళ్లీ గుర్తొస్తోంది. ఒక్క మాట. మీరంతా ఎముకలూ కండలే చెబుతున్నారు, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ మర్చిపోకండి. జూన్లో బడి తెరిచాక మొదటి రోజు ప్రాక్టీసు చేయిస్తే మర్నాడు పిల్లలు మెట్లు దిగలేరు, దొడ్డికి కూర్చోలేరు. లాక్టిక్ యాసిడ్ పేరుకోవడం వల్ల అది. రెండోరోజు తేలిగ్గా పరుగెట్టిస్తే ఆ యాసిడ్ కరిగిపోయి నొప్పి తగ్గుద్ది. నేను చేయించేది అదే.

డల్లాస్_శీను | రాత్రి 8:40

మాస్టారూ, మందు మంచిదే, రోగం పేరే తప్పు. ఏమీ అనుకోకండి, నేనూ ఇక్కడ కినీసియాలజీలో (ఒంటి కదలికల శాస్త్రం) ఎమ్మెస్‌కి వచ్చేదాకా అదే నమ్మాను.

గట్టిగా పరుగెత్తాక రక్తంలో పెరిగిన లాక్టేట్ (మీరన్న లాక్టిక్ యాసిడే) దాదాపు గంటలోపే మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మర్నాటికి అక్కడ ఉండదు. మర్నాడు, ఎల్లుండి ముదిరే నొప్పి కండ పోగుల్లో జరిగిన సన్నటి చిరుగులు, వాటి మరమ్మతు వల్ల వచ్చేది. ఇలా ఆలస్యంగా వచ్చే నొప్పిని 1902లోనే హఫ్ అనే ఆయన చిరుగుల ఖాతాలో రాశాడు. పైగా లాక్టేట్ చెత్త కాదు, ఇంధనం. గుండె కండరం దాన్ని చక్కగా కాల్చుకుంటుంది.

రుజువు కావాలంటే తిరుమల. అలిపిరి మెట్లు 3,550. ఎక్కేటప్పుడు గుండె దడ, చెమట, ఆయాసం, లాక్టేట్ అన్నీ అప్పుడే. అయినా ఎక్కి బస్సులో దిగినవాళ్లకి మర్నాడు పిక్కలు కొంచెం పట్టేస్తాయి, అంతే. మా బావా నేనూ 2019లో పంతం పట్టి నడిచే దిగాం. దిగేటప్పుడు ఆయాసం లేదు, కబుర్లు చెప్పుకుంటూ దిగాం. రెండోరోజు పొద్దున లాడ్జి మంచం మీంచి లేస్తే తొడలు మావి కావు. బావ బాత్రూంలోంచి "ఒరే, చెయ్యివ్వరా" అని పిలిచాడు.

ఆయాసం లేని పనికి అంత నొప్పేమిటి? ఎక్కేటప్పుడు తొడ ముందు కండ బిగుసుకుంటూ పొట్టిదవుతుంది. దిగేటప్పుడు బిగుసుకునే ఉంటుంది, కానీ ఒంటి బరువు దాన్ని సాగదీస్తుంది. బ్రేకు వేసుకుంటూ దిగడం అన్నమాట. ఇలా సాగుతూ చేసే పనికి ఆక్సిజన్ ఖర్చు తక్కువ, పోగుల మీద దెబ్బ ఎక్కువ. 1952లో లండన్‌లో రెండు సైకిళ్లు వీపు వీపు ఆనించి ఒకే గొలుసు వేశారు. ఒకరు ముందుకు తొక్కడం, రెండోవారు ఆ పెడల్ని ఆపుతూ ఉండటం. ఆపే మనిషి చిన్నపాటి ఆడమనిషి, తొక్కేది మగమనిషి. అలిసిపోయింది తొక్కినాయనే.

గోదారి_పీఈటీ | రాత్రి 9:25

అనుకోవడానికేముందండి, 28 బ్యాచులకి తప్పు చెప్పానే అని గానీ! అయితే ఒకటి అడుగుతాను. అదే ప్రాక్టీసు రెండు వారాల తర్వాత మళ్లీ చేయిస్తే అంత నొప్పి ఉండదు కదండీ. అదెలా?

డల్లాస్_శీను | రాత్రి 9:50

అదే దానికి అందం మాస్టారూ. ఒకసారి దెబ్బ తిన్న కండ ఆ దెబ్బకి తట్టుకునేలా తయారవుతుంది, కొన్ని వారాల పాటు ఆ రక్షణ ఉంటుంది. అందుకే జూన్ మొదటి రోజే దూకుళ్లు, గుట్ట దిగే పరుగులు పూర్తి మోతాదులో పెట్టకండి, నాలుగోవంతు చాలు. తేలిక పరుగు కాసేపు నొప్పిని మరిపిస్తుంది, అది మానకండి.

గోదారి_పీఈటీ | రాత్రి 10:10

సరే, మా కబడ్డీ చెబుతాను, ఇది మాత్రం తప్పు పట్టలేరు. రెయిడుకి 30 సెకన్లు. మొదటి పది సెకన్లు కండలో నిలవున్న ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే తక్షణ ఇంధనాల మీద నడుస్తుంది. ఆపైన ఆక్సిజన్ లేకుండా గ్లూకోజు విరగ్గొట్టుకోవాలి. కుర్రాడు తిరిగొచ్చి నిలబడ్డ అరనిమిషానికి ఆ ఫాస్ఫేట్ నిలవ సగమే నిండుద్ది. పూర్తిగా నిండటానికి మూడు నుంచి ఐదు నిమిషాలు. ఒక్కడినే వరసగా మూడు రెయిడ్లకి పంపితే మూడోసారి బోనస్ గీత దగ్గర వాడి కాలు ముందుకు రాదు. జనం "భయపడ్డాడు" అంటారు. భయం కాదండి, డబ్బా ఖాళీ. అందుకే నేను ఇద్దరు రెయిడర్లని మార్చి మార్చి పంపుతాను. ఇది పుస్తకం చూసి కాదు, ఓ మండల ఫైనల్లో ఓడిపోయి నేర్చుకున్నాను.

సీమ_రన్నర్ | రాత్రి 10:32

మధ్యలో దూరుతున్నా. నాకు 50 ఏండ్లు. గుండె వేగం 220లోంచి వయసు తీసేయాల అంటారు కదా, నాకు 170. నా వాచీ మొన్న 178 చూపిచ్చె. నేను బాగానే ఉండా. వాచీ తప్పా, నేను తప్పా?

డల్లాస్_శీను | రాత్రి 10:45

రెండూ కాదు అన్నా, సూత్రమే ఉజ్జాయింపు. 2001లో వచ్చిన సూత్రం ప్రకారం 208లోంచి వయసులో పదింట ఏడు వంతులు తీసేయాలి, మీకు 173. అదీ సగటే. ఒకే వయసువాళ్లలో పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలు. ఛాతీలో పట్టేయడం, కళ్లు తిరగడం ఉంటే మాత్రం వాచీని కాదు, డాక్టర్ని చూడండి.

తమ్ముడికోసం_అడుగుతున్నా | మర్నాడు పొద్దున 8:15

ఈ చదువులన్నీ ఎక్కడున్నాయి? మా తమ్ముడికి ఆటలంటే పిచ్చి, బైపీసీ.

ఏలూరు_ఇంటర్నీ | పొద్దున 8:50

బీపీటీ హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో ఉంది, ప్రైవేటు కాలేజీలు బోలెడు. మా బ్యాచ్‌కి నాలుగేళ్ల మీద ఆర్నెల్ల ఇంటర్న్‌షిప్. అలైడ్ హెల్త్‌కేర్ వృత్తుల 2021 చట్టం తర్వాత వచ్చిన కొత్త సిలబస్‌లో ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదేళ్లు. రోగుల జోలి వద్దు, ఆటే కావాలంటే డిగ్రీ తర్వాత పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీపీఈడీ. కోచింగ్ మీద మనసుంటే పటియాలాలోని ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ), ఇంఫాల్‌లోని జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం చూడమనండి. ఆడటం ఇష్టమైతే ఈ చదువూ ఇష్టమవుతుందని మాత్రం అనుకోవద్దు. మా క్లాసులో స్టేట్ ప్లేయర్ మొదటేడే మానేశాడు.

పల్నాడు_పిల్ల | సాయంత్రం 6:20

లివర్ అన్నా, మీ లెక్క నాలుగుసార్లు వేశా. అర్థమైంది!! ఒక్క సందేహం. మా అమ్మమ్మకి కుడి తుంటి అరిగింది. చేతికర్ర కుడి చేత్తోనే పట్టుకుంటది, నొప్పి ఉన్న వైపేగా ఆసరా కావాల్సింది అని. మా సార్ క్లాసులో ఎడమ చేత్తో పట్టుకోవాలి అన్నారు. ఎందుకో చెప్పేలోపు బెల్లు కొట్టారు.

లివర్_గాడు | రాత్రి 9:03

అబ్బ, ఏం ప్రశ్న! ఆఫీసులో కాగితం మీద గీశా.

అమ్మమ్మ 60 కిలోలు అనుకుందాం. నడిచేటప్పుడు ఎడమ కాలు గాల్లో ఉన్న క్షణం పట్టుకో. కుడి కాలు తీసేస్తే మిగతా ఒళ్లు సుమారు 50 కిలోలు, కుడి తుంటి కీలుకి ఎడమగా ఓ 10 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతోంది. 50 ఇంటూ 10, ఐదొందలు. ఆ ఒళ్లు ఎడమకి ఒరిగిపోకుండా లాగిపట్టేది కుడి పిరుదు పక్క కండ, దాని దూరం 5 సెంటీమీటర్లే. అంటే 100 కిలోలు లాగాలి. కీలు మీద పడేది ఆ వందా, ఈ యాభై కలిసి 150. ఒంటి బరువుకి రెండున్నర రెట్లు. ప్రతి అడుగుకీ.

ఇప్పుడు ఎడమ చేతిలో కర్ర. కుడి తుంటికి కర్రకీ మధ్య 40 సెంటీమీటర్లు అనుకో. కర్ర మీద 5 కిలోలు నొక్కితే చాలు. 5 ఇంటూ 40, రెండొందలు. ఐదొందల్లో రెండొందలు కర్ర మోసింది, మిగతా మూడొందలకి కండ 60 కిలోలు లాగితే సరి. కీలు మీద 60, 50 కలిపి కర్ర ఐదూ తీసేస్తే 105. నొక్కింది ఐదు, తగ్గింది నలభై ఐదు! అంకెలు ఉజ్జాయింపువే గానీ పద్ధతి ఇదే.

కుడి చేతిలో పట్టుకుంటే కర్ర నొప్పి ఉన్న తుంటికి మరీ దగ్గర, పైగా బరువు ఒరిగే వైపు కాకుండా అవతల ఉంది. అక్కడ నొక్కితే ఒళ్లు ఇంకాస్త ఎడమకే ఒరుగుద్ది. సాయం కావాలంటే ఒళ్లంతా కర్ర మీదకి వంచేయాలి. కుంటుతూ నడిచేవాళ్లని చూడు, అదే చేస్తారు.

ఫిజియోఅక్క_ఓరుగల్లు | రాత్రి 9:30

మా సార్లు గిట్ల చెప్పుంటే నేను సప్లీ రాయకపోదును. చెల్లె, కర్ర ఎత్తు కూడా చూడు. నిలబడి చేతులు ఏలాడేస్తే కర్ర పిడి మణికట్టు కాడికి రావాలె. కర్ర, కుడి కాలు కలిసి ముందుకు పోవాలె.

పల్నాడు_పిల్ల | మూడు వారాల తర్వాత, రాత్రి 10:15

ముందు వైవా. మళ్లీ అదే మేడం, ఈసారి ఫీమర్ (తొడ ఎముక). ఒంటికి ఆనించి చూసుకుని కుడి అన్నా, కుడే. "గ్లూటియస్ మీడియస్ ఏం చేస్తుంది?" అంటే (లివర్ అన్న చెప్పిన పిరుదు పక్క కండ అదే) పుస్తకంలో ఉన్న మాట చెప్పి, ఆగకుండా కర్ర లెక్క కూడా చెప్పేశా. మేడం కాసేపు చూసి "ఎవరు చెప్పారు?" అన్నారు. క్రేన్ల కంపెనీ అన్న అని చెప్పలేక సీనియర్లు అన్నా.

పండక్కి ఊరెళ్లి అమ్మమ్మకి కర్ర ఎడమ చేతికిచ్చి వరండాలో పది అడుగులు నడిపించా. "తేలిగ్గానే ఉందే" అంది. తెల్లారి చూస్తే మళ్లీ కుడి చేతిలో. ఏందమ్మమ్మా అంటే, "ఎడం చేత్తో కుక్కల్ని అదిలించడం నాకు చేతగాదే" అంది. కర్ర సగం నడవడానికి, సగం వీధి కుక్కలకంట. ఇప్పుడు ఎడమ చేతిలో నడక కర్ర, కుడి చేతిలో వేపబెత్తం పట్టుకుని తిరుగుతోంది.

లివర్ అన్నా, బెత్తాన్ని లెక్కలో ఎట్టా వెయ్యాలి?

లివర్_గాడు | రాత్రి 10:21

బెత్తం బరువు ఎంతో కనుక్కో ముందు.